వైజాగ్‌లో కోవిడ్ వ్యాక్సిన్ స్లాట్ ఎలా పట్టుకోవాలి: ముందు మీది ఏ లైనో తేల్చుకోండి

ఇది 2021 జూలై మొదటి వారంలో రాస్తున్నా, ఇందులో చెప్పే రేట్లు, రూల్సు అన్నీ ఈ నాటివే. మొన్న గురువారం మా నాన్నకి సెకండ్ డోస్ అయ్యింది. అమ్మ, నాన్న, గాజువాకలో మా అత్తయ్య, చదువుకి బయటి దేశం వెళ్ళాల్సిన తమ్ముడు, నేను, ఇలా అయిదుగురి వ్యాక్సిన్ల వెనకాల మూడు నెలలుగా తిరుగుతున్నా. ఇప్పుడు చుట్టాల్లో ఎవరు ఫోన్ చేసినా ఒకటే ప్రశ్న, "నీకు స్లాట్ ఎలా దొరికింది, మాకూ కాస్త చూడవా" అని. ఒక్కొక్కరికి అరగంట చెప్పే ఓపిక లేదు నాకు, అందుకే తెలిసిందంతా ఒకేసారి ఇక్కడ పెట్టేస్తున్నా.

అందరూ చేసే తప్పు ఏంటంటే, ఫోన్ తీసి కోవిన్ (వ్యాక్సిన్ బుకింగ్‌కి ప్రభుత్వం పెట్టిన పోర్టల్) ఓపెన్ చేసి పిన్ కోడ్ కొట్టి, ఖాళీలు లేవని వస్తే మళ్ళీ కొట్టి, మళ్ళీ కొట్టి, చివరికి "ఈ ఊళ్ళో వ్యాక్సినే లేదు" అని తేల్చేసుకోవడం. మే నెలంతా నేనూ అదే చేశా. తర్వాత అర్థమైంది, మన ఊళ్ళో వ్యాక్సిన్‌కి ఒక లైను కాదు, మూడు నాలుగు లైన్లున్నాయి, పోర్టల్‌లో కనిపించేది అందులో ఒకటే, అది కూడా చాలామందికి సంబంధం లేని లైను.

మీది ఏ లైను?

మీ వయసు 45 దాటితే, లేదా ఇంట్లో 5 ఏళ్ళలోపు పిల్లలున్న తల్లి అయితే, మీ దారి సచివాలయం దారి. అంటే మీ వార్డు సచివాలయం, అక్కడుండే ఏఎన్‌ఎమ్ (నర్సమ్మ), ఆశా వర్కర్, మీ వీధి వాలంటీర్. ఫ్రీ. 45 లెక్కలో ఒక చిన్న వెసులుబాటు ఉంది, 2022 జనవరి 1కి 45 నిండేవాళ్ళు కూడా ఇందులోకే వస్తారు, మా బాబాయి ఇది తెలియక రెండు నెలలు ఊరికే కూర్చున్నాడు.

మీ వయసు 18 నుంచి 44 మధ్యలో ఉంటే, జూన్ 21 నుంచి అందరికీ ఫ్రీ అని కేంద్రం చెప్పిన మాట నిజమే గానీ మన రాష్ట్రంలో ముందు పెద్దవాళ్ళు, తల్లులు అన్న వరస నడుస్తోంది. ఆగగలిగితే ఆగండి, ఆగలేకపోతే డబ్బులు పెట్టి ప్రైవేట్ ఆసుపత్రి. కోవిన్‌లో యుద్ధం చేయాల్సింది నిజంగా వీళ్ళే.

మీ ఇంట్లో ఎవరైనా స్టీల్ ప్లాంట్, పోర్టు, షిప్‌యార్డు, రైల్వే, నేవీ, హెచ్‌పీసీఎల్ లాంటి చోట పనిచేస్తుంటే అసలు కోవిన్ మూసేసి ముందు వాళ్ళ ఆఫీసులో అడగండి. పనిచేసే చోటే వ్యాక్సిన్ వేసే ఏర్పాటు ఏప్రిల్ 11 నుంచే ఉంది, తర్వాత కుటుంబ సభ్యుల్ని కూడా కలిపారు. ఈ ఊళ్ళో సగం మంది ఇళ్ళల్లో ఇలాంటి ఉద్యోగి ఒకరుంటారు, అయినా అడగరు, అదేంటో మరి. మా నాన్న పోర్టులో చేసి రిటైర్ అయ్యారు, "రిటైరైనోళ్ళకి ఎందుకిస్తార్లే" అని ఆయనే అనేసుకున్నారు, కనుక్కుంటే పోయేదేముంది.

బయటి దేశం వెళ్ళేవాళ్ళది ఇంకో లైను, దాని గురించి కింద చెప్తా.

సచివాలయం దారి

మా అమ్మకి ఇలాగే అయ్యింది. మే మొదట్లో సెంటర్ల దగ్గర జనం తోసుకోవడం చూసి నేను అమ్మని పంపనన్నా. తర్వాత చీటీల పద్ధతి వచ్చింది, ఆశా వర్కర్ ఇంటికి వచ్చి ఫలానా రోజు ఫలానా చోటికి రమ్మని చీటీ ఇస్తుంది, అది పట్టుకెళ్తే చాలు. పోర్టల్‌లో స్లాట్ బుక్ చేయక్కర్లేదు, రిజిస్ట్రేషన్ లేకపోయినా అక్కడే చేసేస్తారు, ఆధార్ కార్డు, ఫోన్ ఉంటే సరిపోతుంది.

అయితే చీటీ దానంతటది నడుచుకుంటూ మీ ఇంటికి రాదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్ళకి పెద్ద సమస్య ఇదే, చాలామందికి తమది ఏ సచివాలయమో తెలియదు, వాలంటీర్ ఎవరో తెలియదు. వాచ్‌మన్‌ని అడగండి, పింఛన్ తీసుకునేవాళ్ళని అడగండి, ఒకటో తారీఖున పింఛన్ ఇవ్వడానికి వచ్చే మనిషే మీ వాలంటీర్. సచివాలయానికి ఒకసారి స్వయంగా వెళ్ళండి, వార్డ్ హెల్త్ సెక్రటరీ ఎవరో కనుక్కుని ఇంట్లో ఎంతమంది, వయసులెంత, ఫస్ట్ డోస్ ఎప్పుడు అయ్యింది, ఏ వ్యాక్సిన్, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చేయండి. నోటితో చెప్తే మర్చిపోతారు, వాళ్ళకి రోజుకి వంద మంది చెప్తారు మరి.

మా ఆశా వర్కర్ ఒకావిడ ఉంది, పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే రాత్రి దాకా ఆవిడ ఫోన్ మోగుతూనే ఉంటుంది. నేను మొదటిసారి కొంచెం గట్టిగానే మాట్లాడా, "మా వీధికి ఎందుకు రాలేదు" అని. ఆవిడ చల్లగా "మందొస్తే నేనెందుకియ్యనమ్మా, నా ఇంట్లో దాచుకుంటానేటి" అంది. సిగ్గేసింది. తర్వాత రోజు విడిచి రోజు ఫోన్ చేసి "అక్కా, రేపు స్టాక్ ఏమైనా ఉందా" అని మాత్రం అడిగేదాన్ని, నాలుగోసారి "రేపు ఏడింటికల్లా వచ్చీండి, కోవిషీల్డ్ ఉన్నాది" అంది. స్టాక్ వచ్చే సంగతి ముందు రోజు సాయంత్రం గానీ వాళ్ళకే తెలియదు, కాబట్టి ఫోన్ చేయాల్సిన టైము సాయంత్రమే.

మెగా డ్రైవ్ అన్న మాట వినిపిస్తే మాత్రం వదలకండి. జూన్ 20న మన రాష్ట్రం ఒక్క రోజులో 13 లక్షల పైన డోసులు వేసింది కదా, ఆ రోజు మా వీధిలో చీటీ లేనివాళ్ళకి కూడా వేసేశారు.

పది మంది లెక్క

ఇది మా అత్తయ్య కథ, నాకు తెలిసిన విషయాల్లో అన్నిటికంటే పనికొచ్చేది కూడా ఇదే అనుకుంటా. కోవిషీల్డ్ ఒక సీసాలో పది డోసులుంటాయి. మూత తీస్తే నాలుగు గంటల్లో వాడేయాలి, లేకపోతే పారేయాల్సిందే. అందుకే సిస్టర్లు పది మంది పోగయ్యేదాకా సీసా తీయరు, మనం "ఇంతసేపు ఎందుకు కూర్చోబెట్టారు" అని విసుక్కుంటాం. అలాగే సాయంత్రం చివర్లో తీసిన సీసాలో ఏడుగురే ఉంటే మిగతా మూడు డోసులకి మనుషులు కావాలి, అప్పుడు చుట్టుపక్కల ఎవరున్నా సరే పిలుస్తారు.

అత్తయ్య రోజూ మధ్యాహ్నం మూడున్నరకి ఇంటి దగ్గరున్న అర్బన్ హెల్త్ సెంటర్‌కి వెళ్ళి, గొడవేం పడకుండా, "అమ్మా, చివర్లో ఏమైనా మిగిల్తే ఫోన్ చెయ్యండి, అయిదు నిమిషాల్లో వచ్చేస్తా" అని నంబర్ రాసిచ్చి వచ్చేది. మూడో రోజు ఫోన్ వచ్చింది, వంట మధ్యలో స్టవ్ కట్టేసి పరిగెత్తింది. పొద్దున్న పొడవాటి లైన్లో నిలబడటం కంటే సాయంత్రం చివరి సీసా కోసం కాచుకోవడం నయం, కాకపోతే మీ ఇల్లు సెంటర్‌కి నిజంగా దగ్గరుండాలి. ఊరి చివర మధురవాడలో ఉండి కేజీహెచ్ (పెద్దాసుపత్రి) ఫోన్ కోసం ఎదురు చూస్తే అయ్యే పని కాదు. చేతిలో ఆధార్, ముందే అయిపోయిన రిజిస్ట్రేషన్ ఉంటే వాళ్ళకి మీరంటే ఇంకా ఇష్టం, ఎందుకంటే కంప్యూటర్ దగ్గర అయిదు నిమిషాలు కలిసొస్తాయి.

18 నుంచి 44 వాళ్ళకి కూడా అప్పటికప్పుడు సెంటర్లో రిజిస్టర్ చేసి వేయొచ్చని మే 24న కేంద్రం చెప్పింది, వృథా కాకూడదనే. వెయ్యాలా వద్దా అన్నది రాష్ట్రం చేతిలో ఉంది, కాబట్టి దీని మీదే ఆశ పెట్టుకోకండి, కానీ నంబర్ రాసిచ్చి రండి.

కోవిన్‌లో యుద్ధం చేసేవాళ్ళకి

రిజిస్ట్రేషన్ ఈ రోజే చేసేయండి, వ్యాక్సిన్ ఎప్పుడు వేయించుకున్నా సరే. ఒక మొబైల్ నంబర్ మీద నలుగురిని పెట్టొచ్చు. ఓటీపీ వస్తుంది, మూడు నిమిషాల్లో కొట్టాలి. పేరు మాత్రం మీరు ఏ కార్డు ఇస్తున్నారో ఆ కార్డులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం పొల్లు పోకుండా. మనవాళ్ళ గోల తెలిసిందే కదా, ఆధార్‌లో ఇంటిపేరు మొత్తం ముందుంటుంది, పాన్‌లో వెనకుంటుంది, ఓటర్ కార్డులో ఇంకేదో ఉంటుంది. ఒకటి అనుకుని దానికే కట్టుబడండి. పోర్టల్ ఇప్పుడు తెలుగులో కూడా ఉంది, అమ్మానాన్నలకి అది పెట్టివ్వండి.

తర్వాత వెతకడం. పిన్ కోడ్‌తో వెతికితే చిన్న ముక్కే కనిపిస్తుంది, ఎంవీపీ కాలనీ 530017 కొడితే ద్వారకానగర్ 530016లో ఖాళీగా ఉన్నది మీకు తెలియను కూడా తెలియదు, రెండిటి మధ్యా ఆటోలో పది పదిహేను నిమిషాల దూరం. అందుకే జిల్లా పేరుతో వెతకండి. కాకపోతే జిల్లా అంటే మనది మామూలు జిల్లా కాదు కదా, సముద్రం నుంచి అరకు దాకా మొత్తం ఒకటే లిస్టులో వస్తుంది, భీమిలి, అనకాపల్లి, చోడవరం, నర్సీపట్నం, పాడేరు అన్నీ. మా ఫ్రెండ్ వాళ్ళ నాన్నగారికి స్లాట్ బుక్ అయిన ఆనందంలో సెంటర్ పేరు సరిగ్గా చూసుకోలేదు, తీరా చూస్తే ఘాట్ రోడ్డెక్కి వంద కిలోమీటర్ల పైన వెళ్ళాలి. కాన్సిల్ చేసుకున్నారనుకోండి. అనకాపల్లి అయితే మాత్రం నేను వెనకాడను, కూర్మన్నపాలెం వాళ్ళకి అది సిటీలోకి రావడం కంటే పెద్ద దూరం కాదు.

లిస్టులో పైన బటన్లు ఉంటాయి, 18 పైన, 45 పైన, ఫ్రీ, పెయిడ్, కోవిషీల్డ్, కోవాక్సిన్, స్పుత్నిక్. మీకు కావాల్సినవే నొక్కండి, లేకపోతే లిస్టులో తప్పిపోతారు. ఒక్కో సెంటర్ దగ్గర ఫస్ట్ డోస్‌కి ఎన్ని, సెకండ్ డోస్‌కి ఎన్ని అని విడివిడిగా చూపిస్తుంది, మొత్తం అంకె చూసి ఎగిరి గంతేయకండి, అది మొత్తం సెకండ్ డోస్‌దే అయ్యుండొచ్చు.

టెలిగ్రామ్‌లో, వేరే యాప్‌లలో అలర్ట్‌లు పెట్టుకోమంటారు. పెట్టుకోండి, కానీ వాటినే నమ్ముకోకండి. మే మొదటి వారం నుంచి బయటి యాప్‌లకి కోవిన్ ఇచ్చే సమాచారం అరగంట దాకా పాతది అయ్యుండొచ్చు. మీకు టింగ్ మని మోగేసరికి అక్కడ అన్నం అయిపోయి గిన్నెలు కడుగుతుంటారు. అలర్ట్‌ని నేను ఇంకోలా వాడా. ఏ ఆసుపత్రి ఏ టైముకి స్లాట్లు వదుల్తోందో పది రోజులు ఒక పుస్తకంలో రాసుకున్నా. నేను చూసిన ఆసుపత్రి ఒకటి దాదాపు ప్రతిసారీ సాయంత్రం ఆరు ఏడు మధ్యలో వదిలేది, ఇంకోటి రాత్రి భోజనాల టైములో. అది పట్టుకున్నాక ఆ టైముకి పది నిమిషాల ముందు మాత్రమే లాగిన్ అయ్యేదాన్ని, రోజంతా కాదు. ముందే లాగిన్ అయ్యి కూర్చుంటే పావుగంటకోసారి బయటికి తోసేస్తుంది, సరిగ్గా స్లాట్లు వచ్చే వేళకి ఓటీపీ కోసం తన్నుకోవాలి.

ఇంకా సులువైనది, ఆసుపత్రికి ఫోన్ చేసి అడగడం. "ఎప్పుడు స్లాట్లు పెడతారు, ఏ వ్యాక్సిన్, ఫస్ట్ డోసా సెకండ్ డోసా" అని మూడు ముక్కలు. రిసెప్షన్‌లో చాలాసార్లు నిజమే చెప్తారు. రేటు గరిష్ఠంగా ఎంతో జూన్‌లో కేంద్రమే కట్టేసింది: కోవిషీల్డ్ 780, స్పుత్నిక్ 1145, కోవాక్సిన్ 1410 రూపాయలు, అందులో ఆసుపత్రి సర్వీస్ చార్జి 150, అన్నీ కలిపే. అంతకంటే ఎక్కువ అడిగితే బిల్లు అడగండి. నన్ను ఒక చోట "కన్సల్టేషన్ ఫీజు" అని ఇంకో మూడొందలు అడిగారు, "బిల్లులో విడిగా రాసివ్వండి" అంటే అక్కర్లేదన్నారు.

బుక్ చేసేటప్పుడు బొమ్మలో అక్షరాలు కొట్టమంటుంది, చిన్నక్షరాలు పెద్దక్షరాలు తేడా ఉంది, నాకు మొదటి రెండుసార్లు స్లాట్ పోయింది అక్కడే. ఫోన్లో కంటే ల్యాప్‌టాప్‌లో కొట్టడం తేలిక. టైము ఏదైనా ఒకటి నొక్కేయండి, పదకొండా మూడా అని ఆలోచిస్తే అయిపోయింది. బుక్ అయ్యాక నాలుగంకెల సీక్రెట్ కోడ్ ఒకటి కనిపిస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి, అది సెంటర్లో వ్యాక్సిన్ వేసే ముందు చెప్పాలి. ఇంకెవరికీ చెప్పకండి.

కోవిన్‌కి మనలాంటి వాళ్ళ కోసం యాప్ అంటూ లేదు. వెబ్‌సైట్, లేకపోతే ప్రభుత్వానివే అయిన ఆరోగ్యసేతు, ఉమంగ్ యాప్‌లు, అంతే. ఎస్సెమ్మెస్‌లో లింకు వచ్చి "ఈ యాప్ వేసుకోండి, స్లాట్ గ్యారంటీ" అంటే అది దొంగ యాప్. డబ్బులిస్తే స్లాట్ పట్టిస్తా అనేవాళ్ళకి ఓటీపీ చెప్పారో, మీ పేరు బదులు ఇంకెవరి పేరో ఎక్కుతుంది.

సెకండ్ డోస్ గొడవ

నాన్నకి ఏప్రిల్ 8న ఫస్ట్ డోస్ అయ్యింది, కోవిషీల్డ్. అప్పుడు ఆరు నుంచి ఎనిమిది వారాలన్నారు, క్యాలెండర్ మీద మే నెలాఖరున గుండ్రం చుట్టి పెట్టుకున్నాం. మే 13న దాన్ని 12 నుంచి 16 వారాలు చేశారు. నాన్న నమ్మలేదు, మందు లేక అలా చెప్తున్నారని రోజూ పేపర్ పట్టుకుని తిట్టుకునేవారు. ఏం చేసినా 84 రోజులు దాటకుండా పోర్టల్ ఒప్పుకోదు, సెంటర్లో కూడా వేయరు. ఏప్రిల్ 8 నుంచి 84 రోజులు లెక్కేస్తే జూలై 1, సరిగ్గా ఆ రోజే వెళ్ళాం. కోవాక్సిన్‌కి 28 రోజుల నుంచి ఆరు వారాల లోపు, స్పుత్నిక్‌కి 21 రోజులు. ఫస్ట్ డోస్ ఏదో సెకండ్ డోస్ కూడా అదే, దొరికింది కదా అని మార్చకూడదు.

ఫస్ట్ డోస్‌కి ఏ మొబైల్ నంబర్ ఇచ్చారో సెకండ్ డోస్‌కి కూడా అదే నంబర్. ఆశా వర్కర్ రాసుకునేటప్పుడు కొడుకు నంబర్, రెండోసారి అల్లుడి నంబర్ ఇస్తే సిస్టమ్‌లో ఇద్దరు మనుషులు అయిపోతారు, రెండు డోసులు పడ్డా ఒకటే పడ్డట్టు రెండు సర్టిఫికెట్లు వస్తాయి. మా మేడ మీద అద్దెకున్నవాళ్ళకి ఇదే అయ్యింది.

మధ్యలో కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళు, ఫస్ట్ డోస్ అయినా సెకండ్ అయినా, తగ్గాక మూడు నెలలు ఆగాలి. గర్భిణులకి జూలై 2న ఒప్పుకున్నారు, వాళ్ళు డాక్టర్‌తో ఒక మాట అనుకుని వెళ్ళడం మంచిది. పాలిచ్చే తల్లులకి మే 19నే ఒప్పుకున్నారు.

బయటి దేశం వెళ్ళేవాళ్ళు

చదువుకో ఉద్యోగానికో వెళ్ళేవాళ్ళకి కోవిషీల్డ్ సెకండ్ డోస్ 84 రోజులు ఆగకుండా, 28 రోజులు దాటాక వేసే వీలు జూన్‌లో ఇచ్చారు, ఆగస్టు 31 లోపు ప్రయాణం ఉన్నవాళ్ళకి. ఇది పోర్టల్‌లో మామూలుగా బుక్ చేస్తే రాదు, దానికి ప్రత్యేకంగా పెట్టిన సెంటర్‌కి అడ్మిషన్ లెటర్ లేదా ఉద్యోగం కాగితం, పాస్‌పోర్ట్ తీసుకెళ్ళాలి. ఏ సెంటర్ అన్నది జిల్లా వైద్యాధికారి ఆఫీసులో గానీ ప్రభుత్వ ఆరోగ్య హెల్ప్‌లైన్ 104కి చేసి గానీ కనుక్కోండి. మా తమ్ముడు ఫస్ట్ డోస్ ఆధార్‌తో వేయించుకుని తర్వాత తల పట్టుకున్నాడు, ఎందుకంటే సర్టిఫికెట్ మీద పాస్‌పోర్ట్ నంబర్ కావాలి, పేరు కూడా పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. ఇప్పుడు కోవిన్‌లోనే పాస్‌పోర్ట్ నంబర్ కలిపే వీలు పెట్టారు. వెళ్ళే ఉద్దేశం ఉంటే మొదటి రోజు నుంచే పాస్‌పోర్ట్ చూపించండి. కోవాక్సిన్‌కి డబ్ల్యూహెచ్‌వో గుర్తింపు ఇంకా రాలేదు, కాబట్టి మీరు వెళ్ళే యూనివర్సిటీ ఏది ఒప్పుకుంటుందో ముందు అడిగి తర్వాత వ్యాక్సిన్ ఎంచుకోండి.

వేయించుకునే రోజు

టిఫిన్ తినే వెళ్ళండి. చొక్కా చెయ్యి పైకి పోయేది వేసుకోండి, నాన్న బిగుతుగా ఉన్న ఫుల్ హ్యాండ్స్ వేసుకొచ్చి అక్కడ బటన్లన్నీ విప్పాల్సొచ్చింది. గొడుగు, మంచినీళ్ళు. పెద్దవాళ్ళని కేజీహెచ్‌కి తీసుకెళ్తే కింద దిగి ఎత్తు ఎక్కించకండి, ఆటో పైదాకా పోనివ్వండి. రక్తం పల్చబడే మందులు వాడుతుంటే, ఇదివరకు ఏ మందుకైనా ఒళ్ళు దద్దుర్లు లేస్తే, సూది వేయకముందే సిస్టర్‌కి చెప్పాలి. వేశాక అరగంట కూర్చోమంటారు, కూర్చోండి, బండి స్టార్ట్ చేసేయకండి. సాయంత్రానికి జ్వరం, చెయ్యి నొప్పి రావొచ్చు, నాకు ఒకటిన్నర రోజు ఉంది, అమ్మకి ఏమీ లేదు.

అక్కడి నుంచి కదిలే ముందు ఒక పని. ఫోన్‌కి మెసేజ్ వచ్చిందో లేదో చూడండి, రాకపోతే కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయిని అడిగి మీ పేరు ఎక్కిందో లేదో ఆ రోజే తేల్చుకోండి, మర్నాడు వెళ్తే అక్కడ సెంటరే ఉండకపోవచ్చు, స్కూల్లో పెట్టినవి ముఖ్యంగా. సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి పేరు, పుట్టిన సంవత్సరం, వ్యాక్సిన్ పేరు చదవండి. పేరు, సంవత్సరం, ఆడా మగా అన్నవి తప్పు పడితే కోవిన్‌లో లాగిన్ అయ్యి "రైజ్ యాన్ ఇష్యూ" నొక్కి మీరే దిద్దుకోవచ్చు, కానీ ఒక్కసారే ఛాన్స్, కాబట్టి కార్డు పక్కన పెట్టుకుని కొట్టండి. నాన్నది పుట్టిన సంవత్సరం తప్పు పడింది, ఆయన్ని పదేళ్ళు చిన్నవాడిని చేసేశారు. దిద్దుతానంటే "ఉండనీలే, ఇలాగే బావుంది" అంటున్నారు, ఇంకా దిద్దలేదు.